ఇంజెక్షన్ బండికి టైమింగ్ పెట్టడమంటే

చిత్తూరు నుంచి పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లె వచ్చే దారిలో మొగిలి ఘాటు ఎక్కేటప్పుడే బండి అసలు సత్తా బయటపడుతుంది. పల్లంలో బాగానే పరిగెత్తిన పాత మారుతి వ్యాన్, వెనక టమోటా క్రేట్లు ఎక్కేసరికి మూడో గేరులో మూలుగుతుంది. ఇంకొంచెం యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్‌లో టిక్‌టిక్‌మని సన్నటి ఇనుప మోత. దాన్నే మన షెడ్లలో నాకింగ్ అంటారు. ఒకప్పుడు మెకానిక్ ఆ మోత వినగానే "టైమింగ్ పోయింది నా, పెట్టాల" అని స్పానరు అందుకునేవాడు. ఇప్పుడు ఎక్కువగా వినబడే మాట వేరు: "ఇది ఇంజెక్షన్ బండి నా, టైమింగ్ అంతా కంప్యూటరే చూసుకుంటుంది, మనం ముట్టుకునేదేమీ లేదు."

ఈ రెండో మాట సగమే నిజం. ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు వేయాలో నిర్ణయించేది కంప్యూటరే. అయితే పిస్టన్ ఎక్కడుందో అది చూడలేదు. ఒక సెన్సర్ పంపే సిగ్నల్‌ను బట్టి లెక్కగడుతుంది. ఆ లెక్కకు మొదలు ఎక్కడో తప్పుగా కుదిరితే, తర్వాత కంప్యూటర్ ఎంత తెలివిగా నిర్ణయించినా రవ్వ తప్పు చోటే పడుతుంది. ఇంజెక్షన్ బండికి టైమింగ్ పెట్టడమంటే ఆ మొదలును సరిచేయడం. ఇది తెలియక ఎంతోమంది ప్లగ్గులు, కాయిళ్ళు, ఇంజెక్టర్లు, చివరికి కంప్యూటర్ కూడా మార్చి డబ్బులు పోగొట్టుకుంటున్నారు. అందుకే కొంచెం ఓపిగ్గా మొదటి నుంచి చూద్దాం.

పిస్టన్ పైకి వచ్చి గాలినీ పెట్రోలునూ అదిమిపట్టే చివరి చోటును మెకానిక్కులు టాప్ అంటారు. మండిన వాయువు పిస్టన్‌ను కిందికి తోయాలి కాబట్టి, రవ్వ సరిగ్గా టాప్ దగ్గరే వేయాలనిపిస్తుంది. కానీ పెట్రోలు ఒక్కసారిగా పేలదు. మంట ప్లగ్గు దగ్గర పుట్టి సిలిండర్ అంచులదాకా పాకాలి. దానికి స్థూలంగా రెండు మిల్లీసెకన్లు పడుతుంది. క్రాంకు నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే ఒక మిల్లీసెకనులో 9 డిగ్రీలు కదులుతుంది. 3000 చుట్ల దగ్గర 18 డిగ్రీలు, 6000 దగ్గర 36. కాబట్టి పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే రవ్వ వేయాలి, వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందుగా వేయాలి. టాప్ దాటిన తర్వాత సుమారు 15 డిగ్రీల దగ్గర సిలిండర్‌లో ఒత్తిడి పతాకస్థాయికి చేరితే ఆ తోపు పూర్తిగా క్రాంకుకు అందుతుంది. ఇంజనీర్లు వెతికేది ఆ చోటునే.

ఒకే రోట్లో ఇద్దరు రెండు రోకళ్ళతో దంచేటప్పుడు ఒకరు క్షణం ముందుగా పోటు వేస్తే రోకళ్ళు ఎలా కొట్టుకుంటాయో, రవ్వ మరీ ముందుగా పడితే లోపల అలాంటి పరిస్థితే వస్తుంది. పైకి వస్తున్న పిస్టన్‌కు కిందికి తోసే ఒత్తిడి ఎదురవుతుంది. మంట ఇంకా చేరని మూలలో ఉన్న వాయువు ఆ వేడికీ ఒత్తిడికీ తనంతట తానే భగ్గుమంటుంది. ఘాటులో వినబడే టిక్‌టిక్ మోత అదే. ఎక్కువ కాలం సాగితే పిస్టన్ తల మీద గుంతలు పడతాయి, రింగులు విరుగుతాయి. రవ్వ ఆలస్యమైతే మోత రాదు, అందుకే చాలామంది పట్టించుకోరు. కానీ మంట సైలెన్సర్ వైపు పోయేదాకా మండుతూనే ఉంటుంది. పికప్ పడిపోతుంది, మైలేజీ దిగుతుంది, ఎగ్జాస్ట్ వైపు అంతా విపరీతంగా కాగుతుంది. ఎక్కువ నష్టం చేసేది చప్పుడు చేయని ఈ ఆలస్యమేనని నా అభిప్రాయం. మోత వస్తే మనిషి షెడ్డుకు పోతాడు, ఇందులో నెలల తరబడి పెట్రోలు తగలేస్తాడు.

ఇదంతా ఒకప్పుడు మనిషి చేతిలోనే ఉండేది. ఫోర్డ్ మోడల్ టి కారులో స్టీరింగ్ కింద ఎడమ పక్క ఒక మీట ఉండేది. రవ్వను ముందుకూ వెనక్కూ జరిపే పని డ్రైవరే దాంతో చేసేవాడు. తర్వాత రవ్వను ఒక్కో ప్లగ్గుకు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో చిన్న బరువులు పెట్టారు. వేగం పెరిగితే అవి విచ్చుకుని టైమింగును ముందుకు తోస్తాయి. ఇన్‌టేక్ నుంచి వచ్చే సన్నటి గొట్టం చివర ఉన్న వాక్యూమ్ డబ్బా ఇంజన్ మీద ఎంత భారం పడుతోందో బట్టి ఇంకొంచెం జరుపుతుంది. అంబాసిడర్, పద్మిని, తొలి మారుతి 800 ఈ పద్ధతిలోనే నడిచాయి. పాత బుల్లెట్‌కైతే, విడిపోగానే రవ్వ పుట్టించే పాయింట్ల మధ్య సందు సరిచేసి, పిస్టన్ టాప్‌కు ఒక మిల్లీమీటరు కూడా లేని దూరంలో ఉన్నప్పుడు పాయింట్లు విడిపోయేలా పెట్టేవారు. పాయింట్ల మధ్య సిగరెట్ పెట్టెలోని పలచటి కాగితం ఉంచి, అది జారిన క్షణాన్ని వేలితో పసిగట్టే మెకానిక్కులు ఉండేవారు. ఆ వేళ్ళకు ఉన్న విద్యను నేను గొప్పగానే గౌరవిస్తాను. టైమింగ్ మరీ ముందుకుపోతే బుల్లెట్ కిక్కర్ ఎదురుతన్ని చీలమండ వాపు తెప్పించేది కూడా.

1979లో బాష్ కంపెనీ తన మోట్రోనిక్ పద్ధతిని బిఎండబ్ల్యు 732ఐ కారులో పెట్టి, పెట్రోలు చిమ్మడాన్నీ రవ్వ వేయడాన్నీ ఒకే కంప్యూటర్‌కు అప్పగించింది. మన దేశంలో ద్విచక్ర వాహనాలకు ఇది మెల్లగా వచ్చింది. 2006లో హీరో హోండా గ్లామర్ ఎఫ్ఐ, 2009లో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు అమలులోకి వచ్చాక కార్బురేటర్ బళ్ళు కొత్తగా రావడం దాదాపు ఆగిపోయింది. అప్పటినుంచి కుప్పం, పుంగనూరు వీధుల్లోకి వచ్చే మామూలు 100 సీసీ బండి కూడా చాలావరకు ఇంజెక్షన్ బండే.

కంప్యూటర్‌లో ఒక పట్టిక ఉంటుంది. ఒక వరుసలో ఇంజన్ వేగం, ఇంకో వరుసలో ఇన్‌టేక్‌లోని గాలి ఒత్తిడి. రెండూ కలిసే గడిలో 'టాప్‌కు ఇన్ని డిగ్రీల ముందు' అని అంకె రాసి ఉంటుంది. ఇంజన్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి చూసి ఆ అంకెకు చిన్నచిన్న సవరణలు చేస్తుంది. మన ప్రాంతంలో ఈ గాలి ఒత్తిడి లెక్కకు ప్రత్యేకమైన విలువ ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉన్న ఊళ్ళు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంతో పోలిస్తే 92 శాతం దాకా ఉంటుంది. మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్ ఎక్కితే, అంటే మనవాళ్ళు ఏనుగు మల్లమ్మ కొండ అని పిలుచుకునే చోటికి పోతే, ఎత్తు 1200 మీటర్లు దాటుతుంది. ఒత్తిడి 86 శాతానికి దిగుతుంది. గాలి పలచబడితే సిలిండర్‌లో చేరే సరుకూ తక్కువే, అది మండేదీ కొంచెం నిదానంగానే. నాకింగ్ భయం తగ్గుతుంది కాబట్టి రవ్వను ఇంకాస్త ముందుకు జరపవచ్చు. పాత డిస్ట్రిబ్యూటర్‌కు కొండ ఎక్కిన సంగతి తెలిసేది కాదు. ఇంజెక్షన్ బండి మాత్రం ప్రెజర్ సెన్సర్ చదివి, కొండ మీద ఒక గడి, చిత్తూరు పల్లంలో ఇంకో గడి ఎంచుకుంటుంది. డ్రైవర్‌కు తెలియకుండానే ఇంత పని జరిగిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పట్టికలో 'టాప్‌కు 20 డిగ్రీల ముందు' అని ఉంది. టాప్ ఎక్కడుందో కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? క్రాంకుతో కలిసి తిరిగే ఒక పళ్ళ చక్రం ఉంటుంది. చాలా కార్లలో 60 పళ్ళకు చోటు పెట్టి, రెండు పళ్ళు తీసేస్తారు. ఒక్కో పన్ను 6 డిగ్రీలు. ఎదురుగా ఉన్న సెన్సర్ పళ్ళు లెక్కపెడుతూ, ఆ ఖాళీ రాగానే చుట్టు మొదలు దొరికిందని గుర్తిస్తుంది. ఖాళీ తర్వాత ఎన్నో పన్ను దగ్గర మొదటి సిలిండర్ టాప్‌కు వస్తుందో ఇంజన్ తయారుచేసినవాళ్ళు ముందే కంప్యూటర్‌లో రాసిపెట్టారు. బైకుల్లో అయితే ఈ పని మేగ్నెట్ రోటర్ మీది గట్లు, వాటి ఎదురుగా ఉండే పల్సర్ కాయిల్ చేస్తాయి.

చక్రం జరిగినా, సెన్సర్ బ్రాకెట్ వంగినా, క్యామ్ చివర ఉన్న డిస్ట్రిబ్యూటర్‌ను విప్పి ఒక చిటికెడు పక్కకు బిగించినా కంప్యూటర్‌కు తెలియదు. 20 డిగ్రీల దగ్గర వేశాననుకుంటుంది, రవ్వ 26 దగ్గర పడుతుంది. స్కానర్ పెట్టి చూస్తే తెర మీద 20 అనే కనిపిస్తుంది, ఎందుకంటే స్కానర్ చూపేది కంప్యూటర్ అనుకుంటున్న అంకెను మాత్రమే. ఈ ఒక్క సంగతి షెడ్డులో ఉన్న ప్రతి కుర్రాడికీ మొదటి రోజే చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. నిజంగా రవ్వ ఎక్కడ పడుతోందో చూపగలిగేది టైమింగ్ లైటు ఒక్కటే.

టైమింగ్ లైటు చాలా సాదా పనిముట్టు. దాని బిగింపును మొదటి సిలిండర్ ప్లగ్గు వైరుకు తగిలిస్తే, ఆ ప్లగ్గులో రవ్వ పడిన ప్రతిసారీ లైటు ఒక్కసారి మెరుస్తుంది. ఆ వెలుగును క్రాంకు పుల్లీ మీద పడనిస్తే, గిర్రున తిరిగే పుల్లీ ఆగిపోయినట్టు కనిపిస్తుంది. పుల్లీ మీది గీత పక్కనున్న డిగ్రీల గుర్తుల్లో ఎక్కడ నిలిచి కనబడితే రవ్వ పడుతున్నది అక్కడ.

చేతితో తిప్పి సరిచేయగల ఇంజెక్షన్ కార్లు మన పట్టణాల్లో ఇంకా తిరుగుతున్నాయి. 1.3 లీటర్ల ఎస్టీమ్, జిప్సీ కింగ్ ఎంపీఎఫ్ఐ రకాలు వాటిలో ఉన్నాయి. వీటి పని ఇలా సాగుతుంది. ఇంజన్ బాగా వేడెక్కనివ్వాలి. ఏసీ, హెడ్‌లైట్లు ఆపాలి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు పైకి. ఐడిల్ వేగం మాన్యువల్‌లో చెప్పిన అంకెకు ఉందో లేదో చూడాలి. పుల్లీ మీది గీతను గుడ్డతో తుడిచి సుద్దముక్కతో తెల్లగా గీయాలి, లేకపోతే జిడ్డులో ఏమీ కనబడదు. భుజం మీద తువ్వాలు తీసేయాలి. ఫ్యాను బెల్టు దగ్గర వంగి చేసే పని ఇది, తువ్వాలు అంచు చిక్కుకుంటే చెయ్యి కూడా దానితోనే పోతుంది.

తర్వాతి మెట్టు దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. ఐడిల్‌లో ఇంజన్ తడబడకుండా నిలబెట్టడానికి కంప్యూటర్ టైమింగునే క్షణక్షణమూ అటూ ఇటూ జరుపుతూ ఉంటుంది. ఆ స్థితిలో లైటు వేస్తే గీత ఒకచోట నిలవదు. నిలిచినా అది కంప్యూటర్ సవరణలు కలిపిన అంకె. కాబట్టి ముందు కంప్యూటర్‌ను ఒక్క అంకె దగ్గర కట్టేయాలి. సుజుకి ఇంజన్లలో బానెట్ కింద ఉండే చిన్న కప్లర్‌లోని టెస్ట్ టెర్మినల్‌ను ఒక వైరుతో ఎర్త్‌కు కలుపుతారు. అప్పుడు రవ్వ మూల టైమింగ్ దగ్గర స్థిరంగా పడుతుంది. చాలా సుజుకి ఇంజన్లకు అది టాప్‌కు 5 డిగ్రీల ముందు. పాత టొయోటాల్లో టీఈ1, ఈ1 అనే రెండు కాళ్ళను కలుపుతారు, అక్కడ సాధారణంగా 10 డిగ్రీలు. పాత ఫోర్డ్‌లలో దీనికోసమే ఒక చిన్న ప్లగ్గు ఉంటుంది, దాన్ని పీకాలి. ఏ బండికి ఏ అంకె అన్నది ఊహించకూడదు, బానెట్ కింద స్టిక్కర్ మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది.

కట్టేశాక లైటు వేసి చూడాలి. గీత చెప్పిన గుర్తు దగ్గర లేకపోతే, డిస్ట్రిబ్యూటర్ లేదా క్యామ్ సెన్సర్ బోల్టును కొంచెం వదులు చేసి, దాని బాడీని చేత్తో పట్టుకుని అతి కొద్దిగా తిప్పాలి. లోపలి రోటర్ తిరిగే దిక్కుకు ఎదురుగా తిప్పితే టైమింగ్ ముందుకు పోతుంది, అదే దిక్కుకు తిప్పితే వెనక్కి వస్తుంది. గీత కుదిరాక బోల్టు బిగించి మళ్ళీ చూడాలి. బిగించేటప్పుడు ఒకటి రెండు డిగ్రీలు జరగడం చాలా మామూలు. చివరికి ఆ జంపర్ వైరు తీసేయాలి. ఇది మరిచిపోతే బండి అన్ని వేగాల్లోనూ 5 డిగ్రీల దగ్గరే కూర్చుంటుంది, మదనపల్లె నుంచి వాల్మీకిపురం దాటేలోపే ఇంజన్ కాగిపోతుంది. వైరు తీశాక యాక్సిలరేటర్ మెల్లగా పెంచితే గీత ముందుకు పరిగెత్తడం కనిపించాలి. కంప్యూటర్ మళ్ళీ పగ్గాలు అందుకుందనడానికి అదే గుర్తు.

గీతనే నమ్మవచ్చా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. చాలా పుల్లీల్లో మధ్య ఇనుప భాగానికీ బయటి చుట్టుకూ నడుమ రబ్బరు పొర ఉంటుంది. పాతబడితే ఆ రబ్బరు జారి, బయటి చుట్టుతోపాటు గీత కూడా జరిగిపోతుంది. అనుమానం వస్తే మొదటి ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో పిస్టన్‌ను ఆపే మొద్దు కడ్డీ ఒకటి బిగించి, క్రాంకును చేత్తో నిదానంగా ఒక దిక్కుకు తిప్పి పిస్టన్ తగిలి ఆగిన చోట గీత గీయాలి. వెనక్కి తిప్పి రెండో వైపు ఆగిన చోట ఇంకో గీత. రెండింటికీ సరిగ్గా మధ్యనున్నదే అసలు టాప్. పావుగంట పని, కానీ ఆ తర్వాత వాదనకు చోటుండదు.

కొత్త కార్లలో డిస్ట్రిబ్యూటర్ లేదు. ప్లగ్గు నెత్తిమీదే కాయిల్ ఉంటుంది, తిప్పడానికి బోల్టూ ఉండదు. అయినా చూడటం కుదురుతుంది. కాయిల్‌కూ ప్లగ్గుకూ మధ్య తాత్కాలికంగా ఒక ప్లగ్గు వైరు పెట్టి దానికి లైటు తగిలించాలి. ఒక కాయిల్ రెండు సిలిండర్లకు పనిచేసే బళ్ళలో చుట్టుకొకసారి రవ్వ పడుతుంది కాబట్టి డయల్ ఉన్న లైట్లు కొన్ని రెట్టింపు అంకె చూపుతాయి. డయల్ సున్నా దగ్గర పెట్టి పుల్లీ గుర్తుల్నే చూడటం మేలు. తేడా కనబడితే ఇక్కడ చేసేది సర్దుబాటు కాదు, కారణం వెతకడం. పళ్ళ చక్రం జారిందా, సెన్సర్ దూరం మారిందా, సెన్సర్ వైర్లు తారుమారుగా కలిపారా? ఐడిల్‌లో సరిగ్గా ఉండి 3000 చుట్ల దగ్గర తేడా పెరుగుతుంటే సెన్సర్ వైర్ల వైపే ముందు చూడాలి.

బైకులకు ఇంకా సులువు. హీరో, హోండా బళ్ళలో ఎడమ పక్క కవర్ మీద చిన్న మూత ఉంటుంది. దాన్ని తీస్తే లోపల రోటర్ మీద టి, ఎఫ్ అనే గుర్తులు కనిపిస్తాయి. టి అంటే టాప్, ఎఫ్ అంటే ఐడిల్‌లో రవ్వ పడాల్సిన చోటు. లైటు వేసినప్పుడు ఎఫ్ గీత కవర్ మీది గుర్తుకు ఎదురుగా నిలవాలి. నిలవకపోతే మేగ్నెట్‌ను క్రాంకుకు పట్టి ఉంచే చిన్న అర్ధచంద్రపు తాళం మీద అనుమానం పడాలి. ఎవరో మేగ్నెట్ విప్పి నట్టు సరిగ్గా బిగించకపోతే అది కొంచెం కోసుకుపోయి రోటర్ జరుగుతుంది. "ఇంజన్ పని చేయించినప్పటి నుంచి పికప్ లేదు నా" అనే బండికి మొదట చూడాల్సింది దీన్నే. ఈ తాళం పెద్ద ఖరీదేమీ కాదు.

గ్యాస్ కిట్ పెట్టించిన వ్యాన్ల సంగతి వేరు. సీఎన్‌జీ మంట పెట్రోలు కంటే నిదానంగా పాకుతుంది, దానికి రవ్వ ఇంకా ముందుగా కావాలి. నాకింగ్‌ను తట్టుకునే శక్తి కూడా దానికి ఎక్కువే. అందుకని కొందరు డిస్ట్రిబ్యూటర్‌నే ముందుకు తిప్పేస్తారు. గ్యాస్‌లో బండి బాగానే లాగుతుంది, గ్యాస్ అయిపోయి పెట్రోలుకు మార్చి ఘాటు ఎక్కగానే మోత మొదలు. ఇది తప్పు పద్ధతి. సెన్సర్ సిగ్నల్‌ను మధ్యలో పట్టుకుని, గ్యాస్ మీద నడిచేటప్పుడు మాత్రమే కొన్ని డిగ్రీలు కలిపే చిన్న పెట్టె దొరుకుతుంది. మూల టైమింగ్‌ను ముట్టుకోకుండా అది పెట్టించుకోవాలి.

పెట్రోలు కూడా మారింది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2025 నాటికి దేశమంతా వచ్చింది. ఇథనాల్ నాకింగ్‌ను బాగా తట్టుకుంటుంది కాబట్టి ఈ పెట్రోలు వల్ల నాకింగ్ మోత పెరగదు, తగ్గే అవకాశమే ఎక్కువ. కొత్తగా పెట్రోలు పోయించిన వెంటనే ఘాటులో టిక్‌టిక్ మొదలైతే కల్తీని అనుమానించవచ్చు. కార్లలో నాక్ సెన్సర్ ఉంటే ఆ మోతను పసిగట్టి కంప్యూటర్ టైమింగును వెనక్కి లాగుతుంది. 100, 125 సీసీ బైకుల్లో చాలావాటికి ఆ సెన్సర్ ఉండదు, వినాల్సింది నడిపేవాడి చెవే.

షెడ్డులో టైమింగ్ చూపించిన రోజు ఒక పని చేయమని మెకానిక్‌ను అడగండి. మూల టైమింగ్ ఎన్ని డిగ్రీల దగ్గర కనబడింది, ఎన్నింటికి సరిచేశారు, ఐడిల్ ఎంత ఉంది, తేదీ ఏది అన్నవి ఒక చిన్న స్టిక్కర్ మీద రాసి బానెట్ లోపలి వైపు అంటించమనండి. మళ్ళీ బండి బరువుగా అనిపించినప్పుడు మదనపల్లెలోనైనా కుప్పంలోనైనా చూసే మనిషికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.